మామూలు కెమెరాతో నక్షత్రాల ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఖరీదైన కెమెరా లేకపోతే కుదరదు.

మాన్యువల్ మోడ్ ఉండి, షట్టర్‌ను 30 సెకన్ల వరకు తెరిచి ఉంచగలిగే ఏ కెమెరా అయినా సరిపోతుంది. కెమెరాతోపాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్, కదలని ట్రైపాడ్ ఉంటే మొదలుపెట్టేయొచ్చు. ఫొటో ఎలా వస్తుందో ఎక్కువగా తేల్చేది ఆకాశంలోని చీకటి. నగరం వెలుతురులో పెద్ద కెమెరాకు కూడా చిక్కని పాలపుంత, అమావాస్య దగ్గర్లో చీకటి చోటికి వెళ్తే చిన్న కెమెరాకు చిక్కుతుంది. అందుకే కొత్తవాళ్లెవరైనా అడిగితే ముందు చంద్రుడు ఎప్పుడు అస్తమిస్తాడో చూసుకోమంటాను.

అపోహ: షట్టర్ ఎంతసేపు తెరిస్తే అంత ఎక్కువ నక్షత్రాలు వస్తాయి.

కొంతవరకే నిజం. భూమి తిరగడం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నక్షత్రం వెలుగు సెన్సర్‌లో ఒక పిక్సెల్ మీద పడుతుంది, కాసేపటికి పక్క పిక్సెల్ మీదికి జరిగిపోతుంది. ఆ తర్వాత ఎంతసేపు ఆగినా ఆ చుక్క మరింత ప్రకాశవంతం కాదు, గీతలా సాగుతుంది. ఆకాశం మాత్రం తెల్లబడుతూనే ఉంటుంది, మసక నక్షత్రాలు అందులో కలిసిపోతాయి.

ఎంతసేపు తెరవాలో చెప్పడానికి 500 లెక్క ఒకటి వాడుకలో ఉంది. 500ను ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఉండే ఎంఎం అంకె), క్రాప్ ఫ్యాక్టర్‌తో (ఫుల్ ఫ్రేమ్‌తో పోలిస్తే సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) భాగించాలి. నికాన్, సోనీ ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) కెమెరాలకు క్రాప్ ఫ్యాక్టర్ 1.5, కెనాన్‌కు 1.6. అంటే 18 ఎంఎం దగ్గర 1.5 క్రాప్‌తో సుమారు 18 సెకన్లు. ఇప్పటి సెన్సర్లలో పిక్సెల్స్ చాలా చిన్నవి కాబట్టి నేను 13 సెకన్లకే ఆగిపోతాను. ధ్రువ నక్షత్రం వైపు తిప్పితే కదలిక తక్కువ కనుక ఇంకాస్త సేపు తెరవొచ్చు. ఓరియన్ నక్షత్రమండలం నడుము దగ్గరి మూడు నక్షత్రాల వైపు తిప్పితే ఆ వెసులుబాటు ఉండదు.

అపోహ: ఐఎస్ఓ పెంచితే నాయిస్ వస్తుంది, తక్కువలోనే తీయాలి.

కొత్తవాళ్ల ఫొటోలను ఎక్కువగా పాడుచేసేది ఈ నమ్మకమే. నాయిస్‌కు, అంటే ఫొటోలో కనిపించే గరుకు చుక్కలకు, అసలు కారణం వెలుగు చాలకపోవడం. ఐఎస్ఓ అనే సెట్టింగ్ సెన్సర్ మీద పడే వెలుగును పెంచదు, తగ్గించదు. వచ్చిన సిగ్నల్‌ను పెద్దది చేస్తుంది, అంతే. అదే అపర్చర్ (లెన్స్ ద్వారం), అదే షట్టర్ టైమ్‌తో ఐఎస్ఓ 100లో ఒకటి, 1600లో ఒకటి తీయండి. మొదటిదాన్ని కంప్యూటర్‌లో రెండోదానంత వెలుగుకు తెచ్చి పక్కపక్కన చూడండి. చాలా కెమెరాల్లో 1600లో తీసిందే శుభ్రంగా ఉంటుంది. తక్కువ ఐఎస్ఓలో కెమెరా ఎలక్ట్రానిక్స్ చేర్చే నాయిస్ వాటా ఎక్కువ కావడమే దీనికి కారణం. కొన్ని కొత్త సెన్సర్లలో ఈ తేడా పెద్దగా ఉండదు, కానీ అక్కడా 100లో తీయడం వల్ల నాయిస్ విషయంలో వచ్చే లాభమేమీ లేదు.

1600, 3200 మధ్య మొదలుపెట్టండి. మరీ ఎక్కువకు వెళ్తే ప్రకాశవంతమైన నక్షత్రాలు రంగు పోయి తెల్ల చుక్కలైపోతాయి. ఓరియన్‌లోని ఆర్ద్ర ఎరుపు, రైజెల్ నీలిఛాయ ఒకే ఫ్రేములో కనిపించడం ఎంత బాగుంటుందో, దాన్ని పోగొట్టుకోకండి.

నాయిస్ తగ్గాలంటే ఒకే దృశ్యాన్ని చాలాసార్లు తీసి కలపాలి. దీన్నే స్టాకింగ్ అంటారు. 16 ఫొటోలు కలిపితే నాయిస్ సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. సీక్వేటర్, డీప్‌స్కైస్టాకర్ రెండూ ఉచితమే. ఫొటోలు జేపెగ్‌లో కాకుండా, సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే రా ఫార్మాట్‌లో తీయండి.

అపోహ: ఇన్ఫినిటీ గుర్తు మీద పెడితే ఫోకస్ కుదిరినట్టే.

చాలా లెన్సులు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతాయి. చాలా కిట్ లెన్సుల మీద అసలు గుర్తే ఉండదు. ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో (కెమెరా తెరమీద) ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసి చూస్తూ, చుక్క వీలైనంత చిన్నదయ్యేవరకు రింగ్ తిప్పండి. జూమ్ మార్చినా, చలి పెరిగినా మళ్లీ చూసుకోవాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే సదుపాయం) ఆపి, బటన్ నొక్కిన కుదుపు తగలకుండా 2 సెకన్ల టైమర్ వాడండి.

అపోహ: వైడ్ లెన్సే కావాలి.

పాలపుంత వంపు మొత్తం రావాలంటే వైడ్ లెన్సే కావాలి. కానీ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ సంగతి చూడండి (ఒకే లెన్స్‌లో ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది). దాని ద్వారం వ్యాసం దాదాపు 28 ఎంఎం. 18 ఎంఎం ఎఫ్/3.5 దగ్గర కిట్ లెన్స్‌ది 5 ఎంఎం పైచిలుకు మాత్రమే. అంటే ఒక్కో నక్షత్రం నుంచి సెకనుకు సుమారు 30 రెట్ల వెలుగు. షట్టర్ 5 సెకన్లకు తగ్గించుకోవాల్సి వచ్చినా కృత్తికలు, ఓరియన్ నెబ్యులా (వాయు మేఘం), ఆండ్రోమెడా గెలాక్సీ దీనికి చక్కగా దొరుకుతాయి. అంచుల్లో నక్షత్రాలకు రెక్కలు వచ్చినట్టుంటే ద్వారాన్ని ఎఫ్/2.8కి తగ్గించండి.

అపోహ: ఆ రంగులన్నీ ఎడిటింగే.

మసక వెలుగులో మన కంట్లో పనిచేసే రాడ్ కణాలు రంగును గుర్తించలేవు. కెమెరా మాత్రం సెకన్ల తరబడి వెలుగును పోగుచేసుకుంటుంది. నిజానికి నెబ్యులాల్లోని హైడ్రోజన్ ఎరుపును (656 నానోమీటర్లు) మామూలు కెమెరా సెన్సర్ ముందున్న ఫిల్టర్ చాలావరకు ఆపేస్తుంది. ఆకాశం మొత్తం ఊదాగా మారేదాకా శాచురేషన్ (రంగుల గాఢత) పెంచడం మాత్రం నాకు నచ్చదు.

అపోహ: రాత్రి కాబట్టి చంద్రుడికీ ఇవే సెట్టింగ్స్.

చంద్రుడు నేరుగా ఎండ పడుతున్న రాయి. పౌర్ణమి చంద్రుడికి ఐఎస్ఓ 100, ఎఫ్/11, సెకనులో నూరో వంతుతో మొదలుపెట్టండి. నెలవంకకైతే ఇంకాస్త ఎక్కువసేపు తెరవాలి.