ఆపరేషన్‌కి ముందు ఆ రెండు వారాలు లివర్‌లో ఏం జరుగుతుంది?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "బరువు తగ్గే ఆపరేషన్‌కి విజయవాడలో తేదీ ఇచ్చారు. ముందు రెండు వారాలు అన్నం మానేసి ప్రోటీన్ పొడి, మజ్జిగ, పలచటి చారుతో గడపమన్నారు. మా అత్తయ్యగారేమో ఆపరేషన్‌కి బలం కావాలి, కడుపునిండా తినమ్మా అంటున్నారు. బరువు తగ్గడానికేగా ఈ ఆపరేషన్, ముందే కడుపు మాడ్చుకోవడం దేనికి?"

చాలా మంచి ప్రశ్న. ఈ ఆపరేషన్లలో స్లీవ్ (జీర్ణాశయాన్ని సన్నటి గొట్టంలా కుదించేది) ఏమిటి, బైపాస్ (తిండిని పేగులోకి దారి మళ్లించేది) ఏమిటి అన్నది మీ డాక్టరుగారు చెప్పే ఉంటారు కాబట్టి నేరుగా లివర్ దగ్గరికి వెళ్దాం.

లివర్ ఎడమ భాగం జీర్ణాశయం పైఅంచును కప్పి ఉంటుంది. సర్జన్ పని చేయాల్సిందీ అక్కడే. లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌లో, చెయ్యి లోపలికి వెళ్లదు. 5 నుంచి 12 మిల్లీమీటర్ల గొట్టాల్లోంచి పనిముట్లు పంపి, లివర్‌ను పైకి ఎత్తిపట్టి, కింద దొరికిన సందులో కత్తిరించి కుట్టాలి. కొవ్వు పట్టిన లివర్ పెద్దగా, బరువుగా ఉంటుంది. తేలిగ్గా చిట్లి రక్తం కారుతుంది. సందు బొత్తిగా దొరక్కపోతే పొట్ట మీద పెద్ద కోత పెట్టాలి, లేదా ఆపరేషన్ ఆపేయాలి. మిమ్మల్ని రోజుకు 800 కేలరీల దగ్గర కట్టడి చేసేది ఆ సందు కోసమే.

రెండు వారాలే ఎందుకు? ఆస్ట్రేలియాలో జరిగి 2006లో వెలువడిన ఒక పరిశోధనలో ఇలాంటి ఆహారం 12 వారాలు ఇచ్చి, స్కాన్లతో లివర్‌ను కొలుస్తూ వచ్చారు. సగటున 19 శాతం దాకా చిన్నదైంది. ఆ తగ్గుదలలో 80 శాతం మొదటి రెండు వారాల్లోనే వచ్చింది.

ఇంత త్వరగా ఎలా తగ్గుతుందో తెలియాలంటే మన మిర్చి యార్డును తలుచుకుంటే చాలు. సీజన్లో రోజూ లారీల్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి. యార్డులో ఉన్నది వెంటవెంటనే అమ్ముడుపోతుంది, మిగిలింది కోల్డ్ స్టోరేజీకి పోతుంది. కొత్త సరుకు దిగుతున్నంత కాలం నిల్వ సరుకు జోలికి ఎక్కువగా పోరు. రాక తగ్గాక ఆ తలుపులు తెరుస్తారు.

లివర్‌లో యార్డు సరుకు పేరు గ్లైకోజన్. అన్నంలోని పిండి పదార్థం గ్లూకోజుగా మారి, లివర్‌లో గ్లైకోజన్‌గా సుమారు 100 గ్రాముల దాకా నిలవుంటుంది. ప్రతి గ్రాము తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉందంటే లారీలు వస్తున్నాయని అర్థం, కోల్డ్ స్టోరేజీ మూసే ఉంటుంది. అన్నం ఆపితే ఇన్సులిన్ తగ్గి, దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో గ్లైకోజన్ చాలావరకు ఖాళీ అయి, దాని నీళ్లు మూత్రంలో పోతాయి. మొదటి రోజుల్లో బరువు చకచకా తగ్గేది ఎక్కువగా ఈ నీళ్ల వల్లే.

తర్వాత కొవ్వు వంతు. శరీరానికి అసలు కోల్డ్ స్టోరేజీ చర్మం కింద ఉంది. అది నిండిపోయాక వచ్చిన టిక్కీలను యార్డు దారుల్లోనే పేర్చేస్తే లారీ తిరగడానికి చోటుండదు. ఫ్యాటీ లివర్ అంటే అదే. రాక ఆగగానే దారిలో ఉన్న ఈ టిక్కీలే తొందరగా కదులుతాయి. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో మధుమేహం ఉన్నవారికి రోజుకు 600 కేలరీలే ఇచ్చి చూసిన 2011 నాటి పరిశోధనలో, లివర్ కొవ్వు మొదటి వారంలోనే 30 శాతం తగ్గింది. ఈ అంకె నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది.

బడిలో లివర్ అంటే పైత్యరసం అని చెప్పి వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1855లో ఒక జంతువు లివర్‌లోకి నీళ్లు పంపి చక్కెర జాడ లేకుండా కడిగాడు. వదిలేసి మర్నాడు చూస్తే అందులో మళ్లీ చక్కెర ఊరి ఉంది! గ్లైకోజన్ కథ అక్కడ మొదలైంది. పిల్లలకు ముందు ఇది చెప్పాలి.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. ద్రవాహారం అనగానే మన ఇళ్లలో గంజి, రాగిజావ, బార్లీ, బత్తాయి రసం, గ్లూకోజు నీళ్లు వరసకడతాయి. అన్నీ పిండీ చక్కెరలే, అంటే మళ్లీ లారీలు దిగుతున్నట్టే. కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, చుక్కలు చూశాక అన్నం తిన్నా యార్డు మళ్లీ నిండుతుంది. అయితే ఆ అలవాటున్నవాళ్లకు ఆకలి ఓర్చుకునే నేర్పు ఉంటుంది, అది ఇక్కడ నిజంగా పనికొస్తుంది. కాకరరసం, "లివర్ కడిగే" పొడులు మాత్రం వద్దు. అక్కడ కడగడానికి మురికేమీ లేదు. అత్తయ్యగారు కోరే బలం ప్రోటీన్‌లో ఉంది. అది చాలకపోతే శరీరం కండను కరిగించి గ్లూకోజు చేసుకుంటుంది. అందుకే రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందేలా పొడి, గుడ్డు తెల్లసొన లాంటివి రాసిస్తారు.

రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కష్టం. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి, అందుకే తలనొప్పి, లేస్తే కళ్లు తిరగడం. బీపీ, కిడ్నీ సమస్యలు లేకపోతే డాక్టరును అడిగి నీళ్లమజ్జిగలో, మిరియాల చారులో కాస్త ఉప్పు వేసుకోండి. రోజూ తాగే కాఫీ ఒక్కసారిగా మానేసినా తల పగిలిపోతుంది, చక్కెర లేకుండా తాగొచ్చేమో అడగండి. నోటికి ఏదో ఒకటి నమలాలనిపిస్తుంది, ఒప్పుకుంటే కీర ముక్కలు దగ్గర పెట్టుకోండి. ఈ రెండు వారాలు వంట ఇంకొకరు చేస్తే సగం టెన్షన్ పోతుంది. కొద్ది రోజులకు లివర్, కొవ్వును కరిగించి కీటోన్లు అనే ఇంధనాన్ని తయారుచేస్తుంది. మెదడు వాటితోనూ పని నడుపుకుంటుంది, చాలామందికి ఆకలి మెత్తబడుతుంది. నోట్లో పండు లాంటి వాసన వస్తే అది ఆ కీటోన్లలో ఒకటైన అసిటోన్.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు మందులు సరిచేయకుండా ఈ ఆహారం మొదలుపెట్టకూడదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర పాత మోతాదులోనే సాగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. చక్కెరను మూత్రంలోకి పంపే డపాగ్లిఫ్లోజిన్ రకం మందులతో ఇంకో చిక్కుంది: షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం. వాటిని ఎప్పుడు ఆపాలో ముందే అడిగి రాసుకోండి.

మధ్యలో ఏ పెళ్లి భోజనంలోనో ఒకరోజు తప్పితే? ఆ పూట గ్లైకోజనూ దాని నీళ్లూ తిరిగి చేరతాయి, మళ్లీ కట్టడిలో ఉంటే ఒకటి రెండు రోజుల్లో పోతాయి. అప్పటిదాకా కరిగిన కొవ్వు ఒక్క భోజనంతో వెనక్కి రాదు. కాబట్టి ఎలాగూ తప్పాం కదా అని మిగతా రోజులు వదిలేయకండి, మర్నాడు పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టండి. ఆ సంగతి సర్జన్‌కి కూడా చెప్పండి. తేదీ నాలుగు రోజులు జరపాలా వద్దా అన్నది ఆయన నిర్ణయిస్తారు.