మండువా ఇంటి పెరట్లో కొత్త గదులు: అపోహలు – వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో, కృష్ణా డెల్టాలో మండువా లోగిలి (నడుమ పైకప్పు లేని మండువాతో కట్టిన పాతకాలపు ఇల్లు) ఉన్న కుటుంబాలు పెరటి వైపు ఒక పడకగది, బాత్రూమ్, వీలైన వంటగది కోరుకోవడం న్యాయమే. మనుషులు మసిలితేనే ఇల్లు నిలుస్తుంది. కానీ సున్నంతో కట్టిన పాత గోడ, సిమెంటుతో లేచే కొత్త గోడ నీటినీ బరువునూ వేరువేరుగా ఓర్చుకుంటాయి. ఆ రెండింటినీ ఒకటిగా అతికించబోయిన చోటే పగుళ్లూ చెమ్మా మొదలవుతాయి.

అపోహ: కొత్త గోడను పాత గోడలోకి దూర్చి కడితే గట్టిగా ఉంటుంది.

వాస్తవం: అక్కడే ముందుగా బీటలు వారుతుంది. పాత ఇల్లు ఎప్పుడో దిగాల్సినంత దిగి కుదురుకుంది. కొత్త పునాది కట్టిన తర్వాత కొన్నేళ్లు దిగుతూ ఉంటుంది. నల్లరేగడి అయితే వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంగుతుంది. పాత గోడలో ఇటుకలు పీకి కొత్త ఇటుకలు దూరిస్తే, దిగే గోడ నిలిచిన గోడను లాగుతుంది. అందుకే రెండు గోడల మధ్య పునాది నుంచి కప్పు దాకా కనీసం అంగుళం ఖాళీ వదలండి. అందులో మెత్తటి ఫిల్లర్ బోర్డు, బయటి అంచున సాగే సీలెంట్, దానిపైన ఒక వైపే బిగించిన రేకు పట్టీ రావాలి. పట్టీని రెండు వైపులా బిగిస్తే ఖాళీ వదిలిన ఫలితం పోతుంది.

పునాది తవ్వకం ఇంకా సున్నితం. పాత పునాది ఎంత లోతుందో ముందు ఒక చిన్న గుంత తీసి చూడాలి. కొత్తది దానికన్నా ఒక అడుగు కిందికి దిగితే, రెండింటి మధ్య సుమారు రెండు అడుగుల దూరం ఉండాలి. పాత గోడ వెంట పొడవాటి కందకం ఒకేసారి తవ్వకండి. నాలుగు అడుగుల ముక్కలుగా తవ్వి, ఒకటి పూడ్చాకే పక్కది మొదలుపెట్టాలి. స్థలం చాలకపోతే ఇంజినీరుతో మట్టి పరీక్ష చేయించి, పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) మీద కట్టడం మేలు.

అపోహ: వెనుక చూరునే కిందికి పొడిగించి పెంకు పరిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఒకసారి లెక్క వేసి చూడండి. బంగ్లా పెంకుకు కనీసం 25 డిగ్రీల వాలు కావాలి. అంటే పది అడుగుల గదికి కప్పు నాలుగున్నర అడుగులకు పైగా కిందికి దిగుతుంది. వెనుక చూరు ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంటే గది చివర మూడున్నర అడుగులు కూడా మిగలదు. తల తగులుతుందని వాలు తగ్గిస్తారు. అప్పుడు నీరు నెమ్మదిగా జారుతుంది, ఈదురుగాలి దాన్ని పెంకుల సందుల్లోంచి పైకి నెడుతుంది, ఇల్లు కురుస్తుంది. ఏళ్ల తరబడి తడిసిన బద్దలు, వాసాల చివరలు పుచ్చిపోతాయి.

దీనికి మేలైన దారి, కొత్త గదులను పెరట్లో కాస్త దూరంగా జరిపి, మధ్యలో నాలుగైదు అడుగుల వెడల్పున ఒక నడవ పెట్టడం. నడవ స్లాబు చూరు కిందికి వెళ్లాలి. చూరుకూ స్లాబుకూ మధ్య ఆరు అంగుళాల ఖాళీ, స్లాబు వాలు పాత గోడకు ఎదురు దిక్కున ఉండాలి. నడవ నేలను ఒక మెట్టు దించితే ఏడు అడుగుల ఎత్తు దక్కుతుంది, నడవడానికి అది చాలు. కొత్త గదికి సొంత కప్పు వేసుకోవచ్చు. పెంకే వేయాలనుకుంటే వంద చదరపు అడుగులకు సుమారు 140 పెంకులు పడతాయి. విరిగేవాటికి పదోవంతు ఎక్కువ తెప్పించుకోండి.

అపోహ: పాత గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే చెమ్మ ఆగుతుంది.

వాస్తవం: చెమ్మ ఆగదు, లోపలే చిక్కుకుంటుంది. నేలలోంచి పైకి పాకే తడిని సున్నపు గోడ తన ఒంటి మీదుగా ఆరబెట్టుకుంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి ఇంకా పైకి పాకి, ఉప్పు పొంగి, చివరికి పూత పెళ్లలుగా ఊడి పాత ఇటుక ముఖాన్ని కూడా తీసుకుపోతుంది. గానుగ సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలపండి. ఒక్కో పూత అర అంగుళం మించకూడదు, వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. పని త్వరగా తెములుతుందని మేస్త్రీ గుప్పెడు సిమెంటు కలపబోతే వద్దనండి. బాత్రూమ్ గోడ కూడా పాత గోడకు తగలకూడదు. దానికి నాలుగున్నర అంగుళాల సొంత గోడ కట్టాలి. కొత్త గచ్చు కోసం పోసే మట్టిని పాత గోడకు ఆనించి నింపినా ఇదే చెమ్మ వస్తుంది.

అపోహ: వెనుక గోడ తీసేసి ఐరన్ బీమ్ పెడితే హాలు విశాలమవుతుంది.

వాస్తవం: వాసాల బరువు ఆ గోడ మీదే ఉంది. దారి కావాలంటే ఉన్న కిటికీ కింద గోడను మాత్రం తీసి గుమ్మం చేయండి. పైన దూలం కదలదు, బరువు వచ్చే దారి మారదు. కోత గ్రైండర్‌తోనే చేయించండి; బ్రేకర్ (గోడను కొట్టి పగలగొట్టే యంత్రం) అదురుకు పాత గోడ లోపల గుల్లవుతుంది. తీసిన కిటికీ రెక్కలు, చువ్వలు కొత్త గదిలో వాడుకోవచ్చు.

అపోహ: మండువాకూ పెరటి పనికీ సంబంధం లేదు.

వాస్తవం: చాలా ఇళ్లలో మండువాలో పడిన నీరు గచ్చు కింది తూములోంచి పెరట్లోకి పోతుంది. కొత్త పునాది దాన్ని మూసేస్తే మొదటి పెద్ద వానకే నడింట్లో నీళ్లు నిలుస్తాయి. పునాదికి ముగ్గు వేయకముందే మండువాలో నాలుగు బిందెలు గుమ్మరించి నీరు ఎక్కడ తేలుతుందో చూడండి. ఆ దారిలో ఆరంగుళాల పైపు, మలుపు మలుపుకూ మూత తీసి శుభ్రం చేసుకునే తొట్టి పెట్టాలి. గాలికీ ఇదే జాగ్రత్త: వీధి గుమ్మానికి సూటిగా ఉన్న పెరటి గుమ్మం ఎదుట గది కట్టకండి, నడవ తలుపు అక్కడే పెట్టండి.

అపోహ: కొత్త భాగం అచ్చం పాతదానిలాగే ఉండాలి.

వాస్తవం: సిమెంటు స్తంభానికి టేకు రంగు వేస్తే పాత టేకు స్తంభమే చిన్నబోతుంది. కొత్త పని కొత్తదిగానే తెలియాలని పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ నిపుణులు రాసుకున్న 1964 వెనిస్ చార్టర్ కూడా చెబుతోంది. ఎత్తు పాత కప్పును మించకుండా, వీధిలోంచి కనబడకుండా, కిటికీల కొలతలు పాతవాటికి దగ్గరగా ఉంటే చాలు.

అపోహ: సొంత పెరడే కదా, అనుమతి ఎందుకు?

వాస్తవం: పంచాయతీ లేదా మున్సిపాలిటీ ప్లాను ఎలాగూ కావాలి. ద్రాక్షారామం, సామర్లకోట, బిక్కవోలు లాంటి చోట్ల కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడికి వంద మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో రెండు వందల మీటర్ల వరకు కట్టాలన్నా మరమ్మతు చేయాలన్నా ముందస్తు అనుమతి కావాలి. ఇటుక దింపకముందే ఆ దూరం కొలిపించుకోండి.