వరిగడ్డి, చెరకు పిప్పి నలపడానికి ఎంత కరెంటు? కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. వరిగడ్డి, అనకాపల్లి వైపు చెరకు పిప్పి, సరుగుడు ముక్కలు హేమర్ మిల్లులో (తిరిగే సుత్తులతో కొట్టి పొడి చేసే యంత్రం) నలిపి పెల్లెట్లు (ఇంధనంగా కాల్చే గుళికలు) చేసేవాళ్లకీ, ఇథనాల్ ప్రయోగాలు చేసేవాళ్లకీ ఇస్తాం. వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "ఇంకాస్త మెత్తగా పట్టండి గురూగారూ."

అపోహ: ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది.

ఇది పిండిమర దగ్గర అబ్బిన ఆలోచన. నలపడానికి పట్టే శక్తి కొత్తగా పుట్టే ఉపరితలాన్ని బట్టి పెరుగుతుందని రిట్టింగర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు 1867లోనే చెప్పాడు. అంటే పొడి సైజు సగమైతే కరెంటు దాదాపు రెట్టింపు. పరిశోధనల్లో తరచూ చూపే లెక్క ప్రకారం 1.6 మిల్లీమీటర్ల సైజుకు హేమర్ మిల్లులో గడ్డికి టన్నుకు సుమారు 42 యూనిట్లు, గట్టి కలపకు 130. యూనిట్ 7 రూపాయలు వేసుకోండి: గడ్డికి 294, కలపకు 910. అదే గడ్డిని కత్తుల మిల్లులో వేస్తే 7.5 యూనిట్లే! గడ్డి కొడితే వంగుతుంది, కోస్తే తెగుతుంది మరి. అందుకే "ఎంత మెత్తగా?" అనేకంటే ముందు "దేనికి?" అని అడుగుతాను. 8 మిల్లీమీటర్ల పెల్లెట్‌కి పిండి అక్కర్లేదు.

అపోహ: తడిగా ఉన్నా మిల్లు వేడికే ఆరిపోతుంది.

ఈ మాట నమ్మి ఒక ఆగస్టులో తడి పిప్పి పోయించాను. జల్లెడ మూసుకుపోయింది, మోటార్ ట్రిప్ అయింది, ఆ పూటంతా చేత్తో పీకడమే సరిపోయింది. తడి పీచు విరగదు, సాగుతుంది. పోనీ ముందే ఆరబెడదామంటే, కిలో నీరు ఆవిరి కావడానికే దాదాపు 0.63 యూనిట్ల వేడి కావాలి. టన్నులో 100 కిలోల నీరు అదనంగా ఉంటే 63 యూనిట్లు. గడ్డి నలపడానికి పట్టే 42 కంటే ఎక్కువే! ఎండ ఉచితం కదా, వాడుకోండి. కానీ మన సముద్రపు గాలికి ఆరిన సరుకు కూడా చెమ్మ పీల్చుకుంటుంది. ఎండిన రోజునే పట్టించుకుంటే మేలు.

అపోహ: మెత్తటి పొడి నుంచి ఇథనాల్ ఎక్కువ వస్తుంది.

సగం నిజం. పీచులోని సెల్యులోజ్‌ని చక్కెరగా మార్చే ఎంజైములకు అందే చోటు పెరుగుతుంది కానీ, దాన్ని కప్పి ఉంచే లిగ్నిన్ అనే గట్టి పదార్థపు పొర అలాగే ఉంటుంది. బాల్ మిల్లు (గుండ్లు వేసి తిప్పే డ్రమ్ము) సెల్యులోజ్ స్ఫటికాలను కూడా చెదరగొడుతుంది, అయితే గంటల తరబడి తిప్పాలి, కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. ముందు ముతకగా ముక్కలు చేసి, ఆవిరితోనో ఆమ్లంతోనో మెత్తబరచి, ఆ తర్వాత నలిపితే చాలా తక్కువ శక్తితో పని అయిపోతుంది. నన్నడిగితే వరస మార్చడమే అసలు పొదుపు.

అపోహ: ఖాళీగా తిరిగే మిల్లు కరెంటు తినదు.

తింటుంది, బాగానే. సరుకు సిద్ధంగా పెట్టుకుని ఆపకుండా పోయాలి.

ఇక ఊక తెచ్చేవాళ్లకో మాట. దాని బూడిదలో ఎక్కువ భాగం సిలికానే (ఇసుకలో ఉండేదే), ఆకురాయిలా సుత్తుల అంచులను అరగదీస్తుంది. అదే సరుకుకి అమ్మీటర్ ముల్లు రోజురోజుకీ పైకెక్కుతుంటే మోటార్‌ని అనుమానించకండి. మిల్లు విప్పి సుత్తులు తిరగేసి బిగించండి.