‘ది అల్టిమేట్ ఫైటర్’ ఆదరణ ఎందుకు తగ్గింది: అపోహలు - వాస్తవాలు

నా దగ్గర ఎమ్ఎమ్ఎ (బాక్సింగ్, కుస్తీ వంటివి కలగలిసిన మిశ్రమ పోరాట క్రీడ) శిక్షణ పొందుతున్న యువకులు ‘ది అల్టిమేట్ ఫైటర్’ గురించి ఇప్పటికీ ఆసక్తిగా అడుగుతుంటారు. ఫైటర్లను ఒకే ఇంట్లో ఉంచి పోటీలు పెట్టి, గెలిచినవారికి ఈ క్రీడలోని ప్రముఖ సంస్థ యూఎఫ్‌సీలో ఒప్పందం ఇచ్చే అమెరికా టీవీ షో ఇది. అయితే ఆ షో ఎందుకు వెనుకబడిందన్న విషయంలో వారికి కొన్ని తప్పు అభిప్రాయాలున్నాయి.

అపోహ: తొలి సీజన్లలో ఉన్న ప్రతిభ తర్వాత కరువైంది.

వాస్తవం: 2005 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో ఫారెస్ట్ గ్రిఫిన్, స్టీఫన్ బోనర్ తలపడిన పోరు అప్పటికి నష్టాల్లో ఉన్న యూఎఫ్‌సీకి ఊపిరి పోసింది. కానీ రాబర్ట్ విట్టేకర్, రోజ్ నమాయునాస్, కమారు ఉస్మాన్ వంటి ఛాంపియన్లు ఈ షో నుంచి వచ్చింది 2012లో, ఆ తర్వాత, అంటే ఆదరణ తగ్గుతున్న కాలంలోనే. మరోవైపు 2009లో ఈ షోలో జరిగిన కింబో స్లైస్, రాయ్ నెల్సన్ పోరును ఒక దశలో 60 లక్షల మందికి పైగా చూశారు. వీధి పోరాటాల వీడియోలతో పేరు తెచ్చుకున్న కింబోకు నేల మీది పోరాటంలో ఎంత అనుభవం తక్కువో ఆ రోజే తేలిపోయింది. జనం వచ్చింది కింబో కోసమే తప్ప నైపుణ్యం కోసం కాదు.

అపోహ: చానళ్లు మారడమే అసలు కారణం.

వాస్తవం: అది కొంతవరకే నిజం. 2012లో షో స్పైక్ నుంచి ఎఫ్ఎక్స్‌కు మారి శుక్రవారం రాత్రుల్లో ప్రసారం కావడం, మరుసటి ఏడాది కొత్తగా మొదలైన ఫాక్స్ స్పోర్ట్స్ 1కు వెళ్లడం నష్టమే చేశాయి. అయితే 2005లో అదనంగా డబ్బు కట్టకుండా ఈ క్రీడను క్రమం తప్పకుండా చూసే అవకాశం అమెరికా ప్రేక్షకులకు చాలా అరుదుగా ఉండేది. తర్వాతి కాలంలో యూఎఫ్‌సీ పోటీలు దాదాపు ప్రతి వారం జరుగుతుండగా, ఫలితం ఫైటర్ అధికారిక రికార్డులో చేరని ప్రదర్శన పోటీ కోసం ఎదురుచూసేవారు తగ్గిపోవడం సహజం.

అపోహ: పెద్ద పేరున్న కోచ్‌లు వస్తే పూర్వవైభవం వస్తుంది.

వాస్తవం: 2023లో పెద్ద పేరున్న ఫైటర్లు కానర్ మెక్‌గ్రెగర్, మైకేల్ చాండ్లర్ కోచ్‌లుగా వచ్చినా పూర్వవైభవం తిరిగి రాలేదు. వారిద్దరి మధ్య 2024 జూన్‌లో జరగవలసిన పోరు మెక్‌గ్రెగర్ గాయంతో రద్దయింది.

అపోహ: యూఎఫ్‌సీలో చేరడానికి ఇదే ప్రధాన మార్గం.

వాస్తవం: నా దృష్టిలో షో ప్రాధాన్యం తగ్గడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. యూఎఫ్‌సీయే నడిపే, 2017లో మొదలైన కంటెండర్ సిరీస్‌లో ఫైటర్ తన జిమ్‌లో, తన కోచ్ దగ్గరే సిద్ధమై ఒక్క పోరు చేస్తే, ఒప్పందం దక్కిందో లేదో అదే రాత్రి తెలిసిపోతుంది. ఆ దారిలో వచ్చిన షాన్ ఒమాలీ 2023లో ఛాంపియన్ అయ్యాడు. అల్టిమేట్ ఫైటర్‌లో మాత్రం సుమారు ఆరు వారాల పాటు ఇంటికి, ఫోన్‌కు, సొంత కోచ్‌కు దూరంగా ఉంటూ, కొద్ది రోజుల తేడాతో మళ్లీ మళ్లీ శరీరంలోని నీటిని తగ్గించుకుని తమ విభాగానికి తగ్గ బరువు చూపించాలి. దానివల్ల శరీరం ఎంత దెబ్బతింటుందో తెలిసిన ఏ కోచ్ అయినా, మరో దారి ఉన్నప్పుడు తన శిష్యుణ్ణి అక్కడికి పంపడానికి వెనుకాడతాడు. మన దేశానికి చెందిన అన్షుల్ జూబ్లీ కూడా ఈ షో ద్వారా కాకుండా, ఆసియా ఫైటర్ల కోసం పెట్టిన రోడ్ టు యూఎఫ్‌సీ టోర్నమెంట్‌లో 2023 ఫిబ్రవరిలో గెలిచి ఒప్పందం పొందాడు. 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో విజయం సాధించిన తొలి భారతీయ మహిళా ఫైటర్ పూజా తోమర్, అంతకుముందు మన దేశంలోని మ్యాట్రిక్స్ ఫైట్ నైట్‌లో ఛాంపియన్‌గా నిలిచింది.