గడువు తెలియని ధ్రువాలు

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లోనూ, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కలా వజ్రాలు వెతికే జనం కనిపిస్తారు. ఎన్నాళ్లు వెతికినా ఏమీ దొరకనివారు ‘ఇన్నాళ్లు దొరకలేదు కాబట్టి ఇక దొరికి తీరాలి’ అనుకోవడం సహజమే గానీ, నిన్న వట్టి చేతులతో తిరిగివెళ్లినందువల్ల ఈరోజు అవకాశం వీసమెత్తు కూడా పెరగదు. భూమి అయస్కాంత ధ్రువాల విషయంలోనూ తరచుగా ఇదే పొరపాటు జరుగుతుంది.

భూమి ఇప్పటి అయస్కాంత క్షేత్రానికి వ్యతిరేక దిశలో అయస్కాంతత్వం ఉన్న శిలలను ఫ్రాన్స్‌లో భూభౌతిక శాస్త్రవేత్త బెర్నార్డ్ బ్రూన్ 1906లో గుర్తించాడు. అలా ఉత్తర, దక్షిణ అయస్కాంత ధ్రువాలు తారుమారైన కాలం శిలల వయసును బట్టి తెలుస్తుందని జపాన్‌కు చెందిన మోటొనోరి మతుయామా 1929లో చూపాడు. చివరి తారుమారు జరిగి దాదాపు 7.8 లక్షల ఏళ్లయింది. గత కోటి ఏళ్లలో సగటున పది లక్షల ఏళ్లకు నాలుగైదు సార్లు ధ్రువాలు మారాయి కనుక, ‘గడువు దాటిపోయింది’ అనే కథనాలు వస్తుంటాయి. సగటును గడువుగా చదవడమే ఇందులోని తప్పు.

రెండు తారుమారుల మధ్య విరామాలను వరసగా పేర్చి చూస్తే చిన్నవి చాలా, పెద్దవి కొన్నే ఉంటాయి. పాయిసాన్ ప్రక్రియ అని గణితంలో పిలిచే యాదృచ్ఛిక ఘటనల పోకడ సరిగ్గా ఇదే. అటువంటి ప్రక్రియలో రాబోయే ఘటనకున్న సంభావ్యత ఇప్పటిదాకా గడిచిన కాలం మీద ఆధారపడదు. అమెరికా భూభౌతిక శాస్త్రవేత్త అలన్ కాక్స్ 1968లో ఈ దృష్టితోనే ధ్రువాల తారుమారును విశ్లేషించాడు.

దీనికి మూలం 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే ద్రవ ఇనుప పొరలో ఉంది. లోపలి వేడి వల్ల పైకీ కిందికీ కదులుతూ, భూభ్రమణం వల్ల మెలితిరిగే ఆ ప్రవాహమే విద్యుత్తును, దాని ద్వారా అయస్కాంత క్షేత్రాన్ని నిలబెడుతుంది. ఆ ప్రవాహాన్ని, క్షేత్రాన్ని వర్ణించే సమీకరణాలకు రెండు దిశలూ సమానమే; సుడుల అలజడి ఒక్కోసారి క్షేత్రాన్ని రెండో దిశకు నెట్టేస్తుంది. ఫ్రాన్స్‌లోని కదరాష్‌లో ద్రవ సోడియంను రెండు చక్రాలతో వేర్వేరు వేగాలతో తిప్పిన పరిశోధకులు, ఆ వేగాలను మార్చకపోయినా క్షేత్రం క్రమం లేకుండా దిశ మార్చుకోవడాన్ని 2007లో ప్రకటించారు. ప్రయోగశాలలో ఇంత స్పష్టంగా కనబడటం, నా దృష్టిలో, ఏ కంప్యూటర్ నమూనా కన్నా బలమైన సాక్ష్యం.

అయితే ఆ సంభావ్యత ఎల్లకాలం ఒకేలా లేదు. సుమారు 12 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 8.3 కోట్ల ఏళ్ల కిందటి వరకు ధ్రువాలు దాదాపు తారుమారు కానే లేదు. ద్రవ పొరపై ఉన్న మాంటిల్ అనే మందపాటి రాతి పొర కోట్ల ఏళ్లలో నెమ్మదిగా మారుతూ, లోపలి వేడి బయటికి వెళ్లే తీరును మార్చడమే ఇందుకు కారణమని పలువురు భావిస్తారు.

అంతకన్నా పాత కాలానికి రాయలసీమ రాళ్లు పనికివస్తాయి. దాదాపు 189 కోట్ల ఏళ్ల నాటి పులివెందుల డోలరైట్, సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట వజ్రాలను పైకి తెచ్చిన వజ్రకరూరు కింబర్లైట్లు అనే అగ్నిశిలలు చల్లారేటప్పుడు నాటి క్షేత్రపు దిశను తమలో నిలుపుకున్నాయి. రాళ్లలోని అయస్కాంత ఖనిజమైన మాగ్నెటైట్ 580 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడ్డాకే ఆ ముద్రను పట్టుకోగలదు. ఒక్కో రాయి చూపేది అది చల్లారిన కాలాన్నే కనుక, వాటి నుంచి విరామాల చిట్టా తయారుచేయడం కష్టం.

గత రెండు వందల ఏళ్లలో క్షేత్రం సుమారు తొమ్మిది శాతం బలహీనపడిన మాట నిజమే. కానీ దాదాపు 41 వేల ఏళ్ల కిందట అది ఇంతకన్నా ఎన్నో రెట్లు క్షీణించి కూడా, తారుమారై నిలబడకుండా, మళ్లీ పాత దిశలోనే కోలుకుంది.