కొత్త ఎడిషన్‌లో ఏం మారుతుందో పాత ఎడిషన్లే చెప్తాయి

వార్‌హామర్ 40,000 అంటే సైనికుల బొమ్మలతో, పాచికలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట. దాని రూల్స్‌కి కొత్త ఎడిషన్ వస్తుందన్న మాట వినపడితే చాలు, ఆడేవాళ్లందరిదీ ఒకటే గోల, ఏ రూల్ పోతుంది, ఏది వస్తుంది, నా ఆర్మీ పనికొస్తుందా రాదా అని. 2017, 2020, 2023 అని మూడేళ్లకోటి వచ్చాయి కాబట్టి ఆ లెక్కన తర్వాతి వంతు 2026. లీకైన ఫొటోలు, ఎవరో చెప్పారంటూ తిరిగే మాటలు పట్టుకుని గంటలు గంటలు వాదించుకుంటాం గానీ, నా మటుకు నాకు వాటికన్నా ఈ గేమ్ చరిత్ర మీదే నమ్మకం ఎక్కువ. ఇందులో పూర్తిగా కొత్తగా పుట్టే రూల్స్ తక్కువ, వెళ్లిపోయి మళ్లీ తిరిగొచ్చేవే ఎక్కువ.

1987లో రిక్ ప్రీస్ట్‌లీ రాసిన రోగ్ ట్రేడర్‌తో మొదలైంది ఇది, గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ వేసింది. 1993లో రెండోది, 1998లో మూడోది, తర్వాత 2004, 2008, 2012, 2014. వీటిలో అసలైన మలుపులు రెండే అంటాను నేను, 1998 ఒకటి, 2017 ఒకటి. మిగతావన్నీ వీటి మధ్య సర్దుబాట్లే.

ఆర్మర్ సేవ్ సంగతే చూడండి, దెబ్బ తగిలాక కవచం కాపాడిందా లేదా అని వేసే పాచిక అది, 3+ అంటే మూడు లేదా అంతకన్నా ఎక్కువ పడితే బతికినట్టు. రెండో ఎడిషన్‌లో తుపాకీ బలాన్ని బట్టి సేవ్ తగ్గేది, బోల్టర్ తుపాకీ గుండు తగిలితే స్పేస్ మెరీన్ సైనికుడి 3+ కాస్తా 4+ అయ్యేది. మూడో ఎడిషన్ దాన్ని తీసేసి ఏపీ (కవచాన్ని చీల్చే శక్తి, నంబర్ తగ్గేకొద్దీ బలం ఎక్కువ) పద్ధతి పెట్టింది, ఆయుధం ఏపీ 3 అయితే మెరీన్‌కి అసలు సేవే లేదు, ఏపీ 4 అయితే పూర్తి సేవ్, మధ్యలో ఏమీ లేదు. లెక్క తేలికైంది, ఆట స్పీడ్ అయింది, కానీ ఏపీ 4 ఆయుధాలు మెరీన్ల ముందు దండగ అయిపోయాయి, అందరూ ఏపీ 2, ఏపీ 3 కోసమే ఎగబడ్డారు. దాదాపు ఇరవై ఏళ్లు అలాగే ఆడి 2017లో 8వ ఎడిషన్‌తో మళ్లీ మైనస్ లెక్కకే వచ్చాం. ఒక్కో యూనిట్‌కి సొంత మూవ్‌మెంట్ నంబర్ కూడా అంతే, 1998లో పోయింది, కాళ్ల మీద నడిచేవాళ్లందరికీ ఆరు అంగుళాలే అన్నారు, 2017లో తిరిగొచ్చింది. ఎదుటివాడి వంతులోనే వాడి మీద కాల్చే ఓవర్‌వాచ్ రెండో ఎడిషన్‌లో ఉంది, మూడోదాంట్లో లేదు, ఆరోదాంట్లో వచ్చింది, ఇప్పుడు కమాండ్ పాయింట్ పెట్టి వాడుకునే స్ట్రాటజెమ్ అనే ప్రత్యేక ఎత్తు అయింది.

ట్యాంకుల కథ ఇంకా బావుంటుంది. మూడు నుంచి ఏడు దాకా ముందు, పక్క, వెనక అని విడివిడిగా ఆర్మర్ విలువలు ఉండేవి, లాండ్ రైడర్ ట్యాంకుకి ఎటు చూసినా 14. పెద్ద తుపాకీతో ఒక్క షాట్ అదృష్టం కలిసొస్తే మొత్తం బండి పేలిపోయేది, అందుకే ఆరోదాంట్లో చిన్న దెబ్బలకి కూడా ఒక్కోటి తగ్గే హల్ పాయింట్లు కలిపారు, దాంతో బళ్లు ఇంకా తేలిగ్గా చావడం మొదలైంది. 8వ ఎడిషన్ అదంతా పక్కన పెట్టి మనుషుల్లాగే బళ్లకీ టఫ్‌నెస్ (గాయపరచడం ఎంత కష్టమో), వూండ్స్ (ఎన్ని గాయాలకి చస్తుందో) ఇచ్చింది, లాండ్ రైడర్‌కి టఫ్‌నెస్ 8, వూండ్స్ 16. ఇప్పుడు మామూలు సిపాయి లాస్‌గన్ కూడా ఆరు పడితే గీత పెట్టగలదు, అది చాలామందికి రుచించలేదు, ట్యాంకుల్ని కొట్టే మెల్టా తుపాకులు మరీ సులువుగా కొట్టేస్తున్నాయని కూడా గోల. 10వ ఎడిషన్‌లో అదే బండి టఫ్‌నెస్ 12 అయింది, అప్పటిదాకా సగానికి సగం గాయపరిచే మెల్టాకి ఇప్పుడు 5+ కావాలి. అంటే ఫిర్యాదు ఎటు గట్టిగా ఉంటే తర్వాతి ఎడిషన్ అటు, కొంచెం ఎక్కువే ఒరుగుతుంది.

ఏడో ఎడిషన్ చివర్లో ఆడినవాళ్లకి బాగా గుర్తుండాలి. ఫార్మేషన్లు అని వచ్చాయి, చెప్పిన యూనిట్లన్నీ కలిపి తెస్తే బోనస్ రూల్స్ ఇచ్చే జట్లు అవి, 2015 స్పేస్ మెరీన్ కోడెక్స్‌లో (ఆ ఆర్మీ రూల్స్ పుస్తకంలో) గ్లాడియస్ అనే జట్టు నిండుగా పెడితే ట్రాన్స్‌పోర్ట్ బళ్లు ఫ్రీ. పాయింట్లంటే ఒక్కో యూనిట్ ధర, ఇద్దరూ ఒకే మొత్తంలో ఆర్మీ తెచ్చుకోవాలి, ఎదుటివాడు పాయింట్లు కట్టి తెచ్చుకున్నదానికి ఇవతల ఉచితంగా వచ్చేస్తే ఇక ఆటేముంది? అదే ఏడాది ఇదే కంపెనీ తన ఇంకో ఆట వార్‌హామర్ ఫాంటసీని ఆపేసి దాని బదులు ఏజ్ ఆఫ్ సిగ్మార్ తెచ్చారు, పాయింట్లే లేకుండా, 2016లో జనరల్స్ హ్యాండ్‌బుక్ వచ్చేదాకా అలాగే నడిచింది. అందుకే 8వది అనౌన్స్ చేసినప్పుడు ఇక్కడ కూడా పాయింట్లు ఎత్తేస్తారేమో అని ఎంత భయపడ్డామో. ఎత్తేయలేదు, పాత కోడెక్స్‌లన్నీ చెల్లవన్నారు గానీ ఐదు ఇండెక్స్ పుస్తకాల్లో అందరి రూల్సూ మొదటి రోజే ఇచ్చారు, పాయింట్లతో సహా, పక్కన పవర్ లెవెల్ అని ఇంకో సులువు లెక్క కూడా పెట్టారు.

8వది సింపుల్‌గా మొదలై 9వది ముగిసేసరికి కొండలా పెరిగిపోయింది. అన్ని ఆర్మీలకీ ఒకే పేరుతో ఉండే యూనివర్సల్ రూల్స్ వద్దని 8వదాంట్లో తీసేశారు కదా, దాంతో పైనుంచి దిగడం అనే ఒకే పనికి టెర్మినేటర్లకి ఒక పేరు, టావు వాళ్లకి మాంటా స్ట్రైక్ అని ఇంకో పేరు. వార్‌లార్డ్ ట్రెయిట్లు (నాయకుడి ప్రత్యేక గుణాలు), రెలిక్‌లు (ప్రత్యేక ఆయుధాలు, వస్తువులు), ఒక్కో ఆర్మీకి పేజీల కొద్దీ స్ట్రాటజెమ్‌లు, సొంత సెకండరీలు (అదనపు స్కోర్ లక్ష్యాలు), ఎదుటివాడు ఏం చేయగలడో అర్థం చేసుకోవడానికే సగం సాయంత్రం పోయేది. 2023లో 10వది అదంతా కోసేసింది, ఒక డిటాచ్‌మెంట్‌కి (ఆర్మీకి ఎంచుకునే ఆట తీరుకి) ఒక రూల్, నాలుగు ఎన్‌హాన్స్‌మెంట్లు (నాయకులకిచ్చే అదనపు శక్తులు), ఆరు స్ట్రాటజెమ్‌లు, అంతే. డీప్ స్ట్రైక్ (పైనుంచి దిగడం), ఫీల్ నో పెయిన్ (తగిలిన గాయాన్ని పాచికతో తప్పించుకోవడం) పాత పేర్లతోనే తిరిగొచ్చాయి. ఏడోదాంట్లో తిరిగొచ్చిన సైకిక్ ఫేజ్ (సైకర్లు అనే మంత్రగాళ్ల వంతు) పోయింది, దాడి మంత్రాలు మామూలు తుపాకుల్లాగా షూటింగ్‌లో, మిగతావి యూనిట్ల సొంత రూల్స్‌లో కలిసిపోయాయి. ఇంకోటి కూడా జరిగింది, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు: పవర్ లెవెల్ అన్న పేరు పోయింది గానీ దాని పద్ధతే మిగిలింది, యూనిట్‌కి ఫిక్స్‌డ్ ధర, ఆయుధం ఏది పెట్టినా ఒకే పాయింట్లు.

నా అంచనాలన్నీ ఇక్కడి నుంచే. ఆయుధాలకి విడిగా పాయింట్లు ఏదో ఒక రూపంలో తిరిగొస్తాయి, ఎందుకంటే ఫ్రీ అన్నప్పుడు అందరూ ఖరీదైనదే పెడతారు, చవక ఆయుధం పెట్టె దాటి బయటికి రాదు, ఆ ఫిర్యాదు ఆగలేదు. సైకర్లు చప్పగా అయిపోయారన్నది రెండోది, ఫేజ్ మొత్తం కాకపోయినా వాళ్లకంటూ ఏదో ఒకటి ఇస్తారనుకుంటున్నా. స్ట్రాటజెమ్‌లు మాత్రం మళ్లీ పెరుగుతాయని కాదు, ఇప్పటికే పెరిగాయి, 2024 డిసెంబర్‌లో ఒక్కో ఫ్యాక్షన్‌కి (ఆర్మీ రకానికి) ఫ్రీగా ఇంకో డిటాచ్‌మెంట్ ఇచ్చారు, కోడెక్స్‌లవి వేరే. కాబట్టి ఈసారి కత్తెర పడేది అక్కడే అనిపిస్తోంది.

రూల్స్ గురించి నాకు పెద్ద దిగులు లేదు, పోయిన రూల్ పదేళ్లకో ఇరవై ఏళ్లకో తిరిగొస్తుంది. నా దిగులు లెజెండ్స్ గురించి, ఈ ఆటలో పక్కకి జరిపేసిన మోడళ్ల జాబితా అది. 10వది వచ్చినప్పుడు హోరస్ హెరెసీ అనే ఇంకో ఆట బళ్లు చాలా లెజెండ్స్‌లోకి వెళ్లాయి, రూల్స్ ఉంటాయి గానీ టోర్నమెంట్లలో మామూలుగా ఒప్పుకోరు, నెలల తరబడి రంగులేసి కూర్చోబెట్టిన మోడల్‌ని షెల్ఫ్ మీదే చూసుకోవాలి. అందుకే కొత్త ఎడిషన్ ప్రివ్యూలు మొదలైతే నేను ముందు చూసేది రూల్స్ కాదు, ఏ పాత కిట్లు అమ్మకం నుంచి నిశ్శబ్దంగా మాయమవుతున్నాయో అది.