ఆడింది ఆమె, గల్లాపెట్టె నిండింది క్లబ్బులకు

2025లో టాప్ టెన్నిస్ ఆటగాళ్లు నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల నిర్వాహకులకూ కలిసి ఉత్తరం రాశారు. టోర్నీల ఆదాయంలో మా వాటా పెంచండి అన్నది అందులోని మాట. ఇప్పటికే కోట్లు తీసుకుంటున్నారు కదా, ఇంకా ఏమిటి అని చాలామందికి అనిపించింది. కానీ ఈ పేచీ పాతది. వందేళ్ల కిందట ఇదే లెక్క అడిగిన ఫ్రాన్స్ టెన్నిస్ తార సుజాన్ లెంగ్లెన్‌కు అప్పటిదాకా ప్రైజ్ మనీగా ఒక్క ఫ్రాంక్ కూడా రాలేదు.

ఆ రోజుల్లో వింబుల్డన్‌లో ఆడాలంటే అమెచ్యూర్ అయి ఉండాలి. ఆటకు డబ్బు పుచ్చుకున్నా, జీతానికి ఆట నేర్పినా ప్రొఫెషనల్ ముద్ర పడేది. ఇక పెద్ద టోర్నీల గేటు మూసినట్టే. డబ్బుకు ఆడటం పెద్దమనుషుల లక్షణం కాదన్నది పైకి చెప్పే కారణం. ఇంట్లో ఆస్తి ఉన్నవాళ్లు ఎన్ని నీతులైనా చెప్పొచ్చు. 'ప్రయాణ ఖర్చులు' అనే పేరుతో చాటుగా డబ్బు చేతులు మారుతూనే ఉండేదని మాత్రం అందరికీ తెలుసు.

లెంగ్లెన్ 1899లో పారిస్‌లో పుట్టింది. తండ్రి చార్లెసే గురువు. కోర్టులో రుమాలు పరిచి, బంతి సరిగ్గా దాని మీద పడేలా కొట్టించేవాడు. కాసేపటికి రుమాలు ఇంకో మూలకు మారేది. 1914లో, 15వ పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే, ఆమె వరల్డ్ హార్డ్ కోర్ట్ ఛాంపియన్ అయింది. వెంటనే యుద్ధం వచ్చి ఐదేళ్లు మింగేసింది.

1919లో మొదటిసారి వింబుల్డన్‌కు వచ్చింది. ఎదుట ఏడుసార్లు ఛాంపియన్ అయిన డొరొథియా లాంబర్ట్ చాంబర్స్. ఈమెకు 20, ఆమెకు 40. కింగ్ జార్జ్, క్వీన్ మేరీ చూస్తున్నారు. సెట్ల మధ్య లెంగ్లెన్ బ్రాందీ గుక్క వేసుకోవడం చూసి ఇంగ్లిష్ జనం నోరెళ్లబెట్టారు. మూడో సెట్‌లో చాంబర్స్‌కు రెండు మ్యాచ్ పాయింట్లు వచ్చాయి, అంటే ఇంకొక్క పాయింట్ వస్తే మ్యాచ్ ఆమెదే. అందులో ఒకటి అదృష్టం కొద్దీ తప్పింది: లెంగ్లెన్ రాకెట్ చెక్కకు తగిలిన బంతి ఎలాగో నెట్ దాటి అవతల పడింది. చివరికి 10-8, 4-6, 9-7తో లెంగ్లెన్ గెలిచింది.

దీంతో కలిపి వింబుల్డన్ సింగిల్స్ టైటిళ్లు మొత్తం ఆరు, 1920 ఒలింపిక్స్‌లో సింగిల్స్ స్వర్ణం. ఓటమి దాదాపు లేదు. 1921లో యుద్ధంలో దెబ్బతిన్న ఫ్రాన్స్ ప్రాంతాల కోసం విరాళాల ఆట ఆడటానికి అమెరికా వెళ్లి, మొల్లా మాలరీ మీద ఒక సెట్ పోగానే దగ్గుతూ మ్యాచ్ వదిలేసింది. పిరికిది అన్నారు. మరుసటి ఏడాది వింబుల్డన్ ఫైనల్లో అదే మాలరీని 26 నిమిషాల్లో 6-2, 6-0తో ఓడించింది. 1922లో వింబుల్డన్ టోర్నీ నడిపే క్లబ్ పాత చోటు వదిలి చర్చ్ రోడ్డులో పెద్ద స్టేడియం కట్టుకుందంటే, దానికి ఈమె కోసం వచ్చే జనమూ ఒక కారణమే.

1926 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని కాన్‌లో అమెరికా అమ్మాయి హెలెన్ విల్స్‌తో ఆడిన మ్యాచ్ చూస్తే డబ్బు సంగతి తేలిపోతుంది. టికెట్లు బ్లాక్‌లో అమ్ముడుపోయాయి. దొరకనివాళ్లు చుట్టుపక్కల ఇళ్ల కప్పులు, చెట్లు ఎక్కారు. రెండో సెట్‌లో 6-5, లెంగ్లెన్‌కు మ్యాచ్ పాయింట్. విల్స్ కొట్టిన బంతికి 'అవుట్' అన్న కేక వినిపించింది. ఇద్దరూ చేతులు కలిపారు, ఫొటోగ్రాఫర్లు కోర్టులోకి దూసుకొచ్చారు. ఇంతలో లైన్స్‌మన్ వచ్చి, ఆ కేక నాది కాదు, జనంలో ఎవరో అరిచారు అన్నాడు. మళ్లీ ఆడాల్సి వచ్చింది. గెలిచాననుకున్న మనిషి మళ్లీ రాకెట్ పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ గేమ్ పోయింది, మ్యాచ్ మాత్రం 6-3, 8-6తో దక్కింది. గేటు డబ్బులో ఇద్దరిలో ఎవరికీ నిబంధనల ప్రకారం వాటా లేదు.

అదే ఏడాది వింబుల్డన్‌లో లెంగ్లెన్ ఒక మ్యాచ్‌కు ఆలస్యంగా వచ్చింది, టైమ్ మార్చిన సంగతి తనకు చెప్పలేదంది. అప్పటికే క్వీన్ మేరీ ఎదురుచూస్తోంది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి, జనం ముఖం మాడ్చుకున్నారు. ఆమె టోర్నీ మధ్యలోనే తప్పుకుంది.

కొన్ని వారాలకే అమెరికన్ ప్రమోటర్ సి.సి. పైల్‌తో 50 వేల డాలర్లకు ఒప్పందం కుదిరింది. 12 ఏళ్లుగా నా ఆటతో టెన్నిస్‌కు లక్షల ఫ్రాంకులు సంపాదించిపెట్టాను, పైగా ఆడనివ్వండని ఎంట్రీ ఫీజులు నేనే కట్టాను అని ఆమె రాసింది. టూర్ మొదటి రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. ప్రత్యర్థి మేరీ బ్రౌన్‌తో ఆడిన 38 మ్యాచ్‌లూ లెంగ్లెనే గెలిచింది. అటు వింబుల్డన్ క్లబ్ ఆమె గౌరవ సభ్యత్వం రద్దు చేసింది. నన్నడిగితే, కోపంకన్నా భయం ఎక్కువ కనిపిస్తుంది అందులో.

లెంగ్లెన్ 1938 జులైలో, 39 ఏళ్లకే రక్తహీనత జబ్బుతో చనిపోయింది. వింబుల్డన్ ప్రొఫెషనల్స్‌కు తలుపు తీసింది 1968లో. ఆ ఏడాది పురుషుల విజేత రాడ్ లేవర్‌కు 2,000 పౌండ్లు, మహిళల విజేత బిల్లీ జీన్ కింగ్‌కు 750 ఇచ్చారు. ఆ తేడా పోవడానికి 2007 దాకా పట్టింది.